అతిథి వచ్చిన దారి ఎంత?
ప్రకృతి విడిదులకు బొగ్గుపులుసు వాయువు లెక్క

అరకు లోయలో, మారేడుమిల్లి అడవుల చెంత, అనంతగిరి కొండలమీద పట్టణవాసుల కొరకు విడిదులు వెలయుచున్నవి. తోటలో రెండు గదులు వేసి, అతిథులకు ఇంటి భోజనము పెట్టి, సెలవు దినములలో కొంత రాబడి చూచుకొను రైతులును కలరు. పంటకు తోడుగా ఇది మంచిదే. అయితే "మా విడిది ప్రకృతికి హాని చేయదు" అని గుమ్మము ముందు బోర్డు వ్రాయించుటకు మునుపు ఒక లెక్క చూచుకొనవలెను. విత్తనమునకు, ఎరువునకు, కూలికి లెక్క వ్రాయు రైతుకు ఇది కష్టము కాదు.

ఏమిటీ లెక్క?

పెట్రోలు, డీజిలు, బొగ్గు, వంటగ్యాసు మండునప్పుడు వాటియందలి కర్బనము గాలిలోని ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు వాయువగును. ఈ వాయువు భూమినుండి వెలువడు వేడిని పైకి పోనీయక నిలుపును. ఒక పనివలన ఇట్టి వాయువు మొత్తము ఎంత పుట్టినదో కిలోలలో చెప్పుటయే 'కర్బన పాదముద్ర'.

లీటరు పెట్రోలు సుమారు ముప్పాతిక కిలో తూగును గదా, దానినుండి 2.3 కిలోల వాయువు ఎట్లు వచ్చునని అడుగవచ్చును. 12 పాళ్ళ కర్బనము 32 పాళ్ళ ఆమ్లజనిని చేర్చుకొని 44 పాళ్ళగును. హెచ్చిన బరువు గాలినుండి వచ్చినదే.

ప్రపంచమున 2009–2013 సంవత్సరముల మధ్య భూతాపమును పెంచు వాయువులలో నూటికి సుమారు 8 వంతులు యాత్రల వలన కలిగినవేయని 2018లో నేచర్ క్లైమేట్ ఛేంజ్ పత్రికలో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. కనుక ఇది చిన్న విషయము కాదు.

గుర్తుంచుకొనవలసిన అంకెలు

పెట్రోలు 1 లీటరు – 2.3 కిలోలు
డీజిలు 1 లీటరు – 2.7 కిలోలు
వంటగ్యాసు 1 కిలో – 3 కిలోలు
కరెంటు 1 యూనిట్ – సుమారు 0.7 కిలో

మన దేశమున కరెంటు ఎక్కువ భాగము బొగ్గుతో తీయబడుటచే యూనిటుకు ఇంత వచ్చుచున్నది.

ఒక కుటుంబపు యాత్ర

హైదరాబాదునుండి నలుగురుగల కుటుంబము కారులో అరకు వచ్చి రెండు రాత్రులు ఉన్నదనుకొందము. పోవుటకు, వచ్చుటకు, అక్కడ తిరుగుటకు కలిపి 1,500 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున 100 లీటర్ల పెట్రోలు, అనగా 230 కిలోల వాయువు.

ఇక విడిదిలో గదికి రోజుకు 10 యూనిట్ల కరెంటు, కరెంటు పోయినప్పుడు జనరేటరుకు 2 లీటర్ల డీజిలు, వంటకు ఒక కిలో గ్యాసు అనుకొనిన, వరుసగా 7, 5.4, 3 కిలోలు. మొత్తము రాత్రికి 15.4 కిలోలు. రెండు రాత్రులకు సుమారు 31 కిలోలు.

రెండును కూడిన 261 కిలోలు. ఇందులో దారిలో పుట్టినదే 230! విడిదిలో వెదురు గోడలు, మట్టి కుండలు ఎన్ని పెట్టినను, అసలు బరువు దారిలోనే ఉన్నదని దీనివలన తెలియుచున్నది.

మరి మన చేతిలో ఏమున్నది?

1. అతిథిని ఎక్కువ రోజులు నిలుపుట: ఇదే కుటుంబము ఐదు రాత్రులు ఉన్నచో దారి 230, విడిది 77, మొత్తము 307 కిలోలు. రాత్రికి 130 కిలోలుగా ఉన్నది 61కి దిగును. రైతుకు రాబడియు హెచ్చును. కనుక ఎక్కువ రాత్రులకు అద్దె తగ్గించుట ఉభయులకు లాభము. కాఫీ పండ్ల కోత, మిరియాల కోత, చోళ్ళ నూర్పిడి చూపించినచో అతిథి తానే నిలుచును.

2. దగ్గరివారిని పిలుచుట: విశాఖపట్నమునుండి అరకునకు రోడ్డున సుమారు 115 కిలోమీటర్లు. తిరుగుడుతో కలిపి 250 కిలోమీటర్లకు అదే కారునకు 38 కిలోల వాయువే. హైదరాబాదు లెక్కలో ఆరవ వంతు.

3. రైలు దారి చెప్పుట: బైలదిల్లా ఇనుప ఖనిజము తరలించుటకై 1960 దశకమున వేసిన కొత్తవలస–కిరండూల్ దారి నేడు కరెంటు రైళ్ళ దారి. వందలమంది కూర్చుండు రైలులో ఒక్కొక్కరి వంతున పడు వాయువు కారుకంటె చాల తక్కువ. స్టేషనునుండి విడిదికి బండి మనమే పంపినచో అతిథికి కారు తెచ్చు అవసరముండదు.

4. జనరేటరు మానుట: కొండగాలి ఉన్నచోట శీతల యంత్రమేల? ఫ్యాను, దీపములకు 3 యూనిట్లు చాలును. జనరేటరుకు మారుగా సూర్యరశ్మి పలకలు, బ్యాటరీ అమర్చినచో రాత్రికి గదికి 10 కిలోలు తగ్గును. ఏడాదికి 100 రాత్రులు నిండు రెండు గదులకు 400 లీటర్ల డీజిలు మిగులును.

5. ఎంగిలి ఆకులు, మిగిలిన అన్నము: వీటిని గోతిలో కప్పి కుళ్ళబెట్టిన మీథేను పుట్టును. అది బొగ్గుపులుసు వాయువుకంటె ఎన్నో రెట్లు వేడిని పట్టును. గోబరు గ్యాసు తొట్టిలో వేసినచో అదే వంటకు పనికివచ్చును. లేనిచో గాలి తగులునట్లు ఎరువు చేయవలెను.

చెట్లు నాటితిమి గదా!

"అతిథిచేత ఒక మొక్క నాటించితిమి, లెక్క సరిపోయినది" అనుట పొరపాటు. ఎండు కలపలో సుమారు సగము బరువు కర్బనమే. కావున కిలో ఎండు కలప 1.8 కిలోల వాయువును పట్టి ఉంచును. ఆ కుటుంబపు 230 కిలోలు చెల్లవలెనన్న సుమారు 125 కిలోల ఎండు కలప పెరగవలెను. దానికి ఏండ్లు పట్టును. నరికి కాల్చిన నాడు పట్టినదంతయు తిరిగి గాలిలో కలియును.

చలిమంట విషయమును ఇంతే. కాఫీ తోటలో నీడచెట్లు కత్తిరించిన కొమ్మలు మరల చిగురించును గనుక వాటిని వాడవచ్చును. అడవి మానును నరికి తెచ్చిన 20 కిలోల కట్టె మాత్రము 36 కిలోల వాయువును అప్పుగా మిగుల్చును.

గ్రామోద్యోగులకు మనవి

విడిదులకు అనుమతి కోరి వచ్చినప్పుడు గదుల సంఖ్యతోపాటు కరెంటు, డీజిలు, గ్యాసు, కట్టెల లెక్క వ్రాయు పుస్తకము ఉంచుమని చెప్పుడు. అతిథి ఏ ఊరినుండి, ఏ బండిలో వచ్చెనో ఒక వరుస చేర్చిన చాలును. ఏడాది చివర ఆ లెక్కను గ్రామసభలో చదివిన, ఊరికి వచ్చినదేమో, పోయినదేమో అందరికి తెలియును.

కొండరైతులకు ఇది ఇతరుల సంగతి కాదు. వేసవిలో పూతజల్లు వేళకు పడనిచో కాఫీకి పూత రాదు, కాపు తగ్గును. వాతావరణము గతి తప్పిన మొదటి దెబ్బ పొలమునకే. ఆ పొలమును చూచుటకే అతిథి వచ్చుచున్నాడు. బోర్డుమీద గొప్పలు వ్రాయుటకంటె నిజమైన అంకెలు వ్రాసి, ఏటేట వాటిని తగ్గించుట మేలు. అట్టి విడిదికి నమ్మకము నిలుచును. నమ్మిన అతిథి మరల వచ్చును.