బలం చేతులది కాదు.. తుంటిది!

* గోల్ఫ్ ఊపులో తుంటి తిరుగుడు, నిలకడే కీలకం
* క్రమం తప్పితే నడుముకు ముప్పు
* ఇంటి వద్దే సాధనకు వీలు

గోల్ఫ్ మైదానంలోకి కొత్తగా అడుగుపెట్టినవారు తరచూ ఒకే పొరపాటు చేస్తుంటారు. బంతి దూరం వెళ్లాలన్న ఆరాటంతో చేతుల బలమంతా క్లబ్బుపైనే ప్రయోగిస్తారు. 46 గ్రాముల బరువైనా లేని బంతి పక్కదారి పడుతుంది. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్, హైదరాబాద్‌లోని గోల్కొండ నయాఖిల్లా వంటి మైదానాల్లో ఈ ఆటను అలవరచుకునేవారిలో నడివయసు దాటినవారూ ఉన్నారు. ఆటను పదికాలాల పాటు కొనసాగించాలంటే వారు ముందుగా తెలుసుకోవలసింది తుంటి కదలికను గురించే.

వడిసెల సూత్రమే

చేలో పిట్టలను తోలే రైతు వడిసెలను మణికట్టుతో మాత్రమే విసరడు. కాళ్లు నిలదొక్కుకొని, నడుము తిప్పి, ఆ వేగాన్ని భుజానికి, భుజం నుంచి చేతికి, చివరకు రాతికి అందిస్తాడు. గోల్ఫ్ ఊపులోనూ ఇదే క్రమం. క్లబ్బు కిందికి దిగేటప్పుడు మొదట తుంటి భాగం తిరుగుతుంది. తరువాత మొండెం, ఆ తరువాత చేతులు, చిట్టచివర క్లబ్బు. ముందు కదిలిన భాగం నెమ్మదించే కొద్దీ దాని వేగం తరువాతి భాగానికి సంక్రమిస్తుంది. అందువల్లనే ప్రపంచస్థాయి పురుష క్రీడాకారులు డ్రైవర్‌తో కొట్టినప్పుడు క్లబ్బు తల గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. పైకెత్తిన క్లబ్బు బంతిని చేరడానికి పట్టే సమయం సుమారు పావు సెకను మాత్రమే. ఆ వ్యవధిలో ఆలోచించి సరిదిద్దుకోవడం అసాధ్యం. క్రమం ముందుగానే దేహానికి అలవాటు కావలసి ఉంటుంది.

ఈ విషయాన్ని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చినవారిలో అమెరికా క్రీడాకారుడు బెన్ హోగన్ ముఖ్యుడు. 1949 ఫిబ్రవరిలో ఆయన కారును బస్సు ఢీకొనడంతో కటి ఎముక విరిగింది. మళ్లీ నడవడమే కష్టమనుకున్న స్థితి నుంచి కోలుకొని 1950లో యూఎస్ ఓపెన్ గెలుచుకున్నారు. 1957లో వెలువడిన తన పుస్తకంలో, కిందికి ఊపును ఆరంభించవలసింది చేతులు కాదని, తుంటి అని ఆయన స్పష్టం చేశారు.

90కి 45

క్లబ్బును వెనక్కి ఎత్తేటప్పుడు భుజాలు సుమారు 90 డిగ్రీలు, తుంటి సుమారు 45 డిగ్రీలు తిరగాలన్నది శిక్షకులు సాధారణంగా చెప్పే లెక్క. ఈ రెండింటి మధ్య తేడాయే మొండెంలో బిగువును పుట్టిస్తుంది. 1992లో అమెరికా శిక్షకుడు జిమ్ మెక్లీన్ దీనికి ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అని పేరు పెట్టారు. అయితే బిగువు కోసం తుంటిని కదలకుండా బిగబట్టి భుజాలను మాత్రమే తిప్పడం అందరికీ తగదు. దేహం సాగే గుణం తగ్గిన వయసులో అది నడుముకు భారమవుతుంది. జాక్ నిక్లాస్ క్లబ్బును వెనక్కి ఎత్తేటప్పుడు ఎడమ మడమను నేల నుంచి లేవనిచ్చేవారు. దానివల్ల తుంటి స్వేచ్ఛగా తిరిగేది. ఆయన 46 ఏళ్ల వయసులో, 1986లో, మాస్టర్స్ టోర్నీ గెలవడం గమనార్హం.

నడుముకు ఎందుకు ముప్పు?

నడుములోని ఐదు వెన్నుపూసలు వంగడానికి అనువైనవే గాని, మెలితిరగడానికి కావు. అన్నీ కలిసి ఒక్కో వైపునకు సుమారు పది డిగ్రీలే తిరుగుతాయి. తుంటి కీలు అలా కాదు. గిన్నెలో గుండు అమరినట్లుండే ఆ కీలు అన్ని వైపులకూ తిరుగుతుంది. తిరగవలసిన తుంటి బిగుసుకుపోతే ఆ లోటును నడుము భర్తీ చేయబోయి దెబ్బతింటుంది. గోల్ఫ్ ఆడేవారిని ఎక్కువగా వేధించే వాటిలో నడుమునొప్పి ముందు వరుసలో ఉంటుంది. టైగర్ వుడ్స్ అంతటి క్రీడాకారుడు సైతం వెన్నుకు పలుమార్లు శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. 2017లో వెన్నుపూసలను కలిపివేసే చికిత్స జరిగిన తరువాతనే ఆయన 2019 మాస్టర్స్ విజేతగా నిలిచారు.

అలాగని ఒకే భంగిమ అందరికీ ఒప్పదు. హైదరాబాద్ మూలాలున్న కుటుంబంలో అమెరికాలో జన్మించిన సాహిత్ తీగలకు వెన్ను పక్కకు వంగి ఉండే స్కోలియోసిస్ సమస్య ఉంది. తన దేహానికి ఒదిగిన ఊపుతోనే ఆయన 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి తొలి పీజీఏ టూర్ టైటిల్ అందుకున్నారు.

తిరగాలి.. జరగరాదు

తిరగలి పైరాయి మధ్యలోని మేకు చుట్టూ తిరుగుతుందే తప్ప పక్కకు జరగదు. తుంటి కూడా క్లబ్బును వెనక్కి ఎత్తేటప్పుడు అలాగే తిరగాలి. కుడిచేతి వాటం వారి బరువు ఆ సమయంలో కుడిపాదం లోపలి అంచుపై నిలవాలి. బరువు పాదం బయటి అంచుకు పోతే తుంటి తిరగడం లేదని, పక్కకు జరుగుతోందని గుర్తించాలి. క్లబ్బు దిగేటప్పుడు బరువు ఎడమ పాదానికి మారుతుంది. ఊపు ముగిసేసరికి బొడ్డు లక్ష్యం వైపు చూడాలి, కుడి బొటనవేలు మాత్రం నేలను తాకుతుండాలి. బంతి నేలకు దిగేవరకు ఆ భంగిమలో తూలకుండా నిలబడగలిగితే నిలకడ కుదిరినట్లే.

ఇంటి వద్ద సాధన ఇలా..

* గోడకు వీపు చేసి, పిరుదులు తాకీ తాకనట్లు కొద్దిగా ముందుకు వంగి నిలబడాలి. చేతులు ఛాతీపై కట్టుకొని వెనక్కి తిరిగేటప్పుడు కుడి పిరుదు, ముందుకు తిరిగేటప్పుడు ఎడమ పిరుదు గోడను ఒత్తాలి. రెండూ గోడను వీడితే నడుము ముందుకు నెట్టుకుపోతున్నట్లు లెక్క.

* కుడి తుంటి పక్కన రెండు అంగుళాల ఎడంలో కుర్చీ ఉంచి వెనక్కి తిరగాలి. తుంటి కుర్చీని నెట్టరాదు.

* పాదాలు రెండూ జోడించి సగం ఊపుతో బంతిని కొట్టాలి. బలం ఎక్కువైతే వెంటనే తూలుతారు కనుక తప్పు తనంతట తానే తెలుస్తుంది.

* ఒక్కో కాలిపై 30 సెకన్ల చొప్పున నిలబడటం అలవాటు చేసుకోవాలి. తొలి రోజుల్లో గోడ పక్కనే నిలబడటం మేలు.

* కుర్చీలో కూర్చొని, మోకాళ్లను కదల్చకుండా ఒక్కో పాదాన్ని బయటికి జరిపి చూడాలి. ఒక పాదం తక్కువగా కదిలితే ఆ వైపు తుంటి బిగుసుకుందని అర్థం. ఎడమ తుంటి బిగుసుకున్న కుడిచేతి వాటం వారు నిలబడేటప్పుడు ఎడమ పాదాన్ని కొద్దిగా లక్ష్యం వైపు తిప్పి ఉంచితే భారం తగ్గుతుంది.

ఆటకు ముందు కనీసం పది నిమిషాలు నడిచి, తుంటి, భుజాలను సడలించుకోవాలి. నొప్పి నడుము నుంచి కాలిలోకి పాకినా, తిమ్మిరి అనిపించినా సాధన నిలిపివేసి ఎముకల వైద్యుడిని సంప్రదించాలి. తుంటి లేదా మోకాలి మార్పిడి చేయించుకున్నవారు వైద్యుడి అనుమతి తరువాతే క్లబ్బు పట్టాలి.