పాతికేండ్లకు తాళము పడు బుద్ధి

మా సీతాఫల్‌మండి సందులలో పేరుకు తగిన ఫలముల మండి నేడు కానరాదు గాని, అడుగడుగునకు హాస్టలు బోర్డులు కనబడును. వాటి వెనుక మూడేసి మంచములు ఇరికించిన గదులలో ఉద్యోగపరీక్షలకై తపస్సు చేయు యువకులు కనబడుదురు. ఆ గదులలో కొంతకాలముగా ఒక వదంతి అంటువ్యాధివలె ప్రబలియున్నది: పాతికేండ్లు నిండగానే మనిషి మెదడు ఎదుగుట మానివేయునట, ఆపైన కొత్తవిద్య ఏదియు తలకెక్కదట. సెల్‌ఫోనులో అర నిమిషపు వీడియోగా అవతరించిన ఈ శాసనమును మా పైవాటాలో అద్దెకున్న ఇరువదియేడేండ్ల అబ్బాయి అక్షరాల నమ్మినాడు. జపాను భాష నేర్చుకొనవలెనని ముచ్చటపడి పూరించిన దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి, ఊగుచున్న మంచపుకోటి క్రింద దూర్చినాడు. అదేమని అడిగితే, "ఈ వయసులో ఇంకేం వస్తది సార్, టైమ్ అయిపోయింది" అన్నాడు. ఇరువదియేడేండ్లవానికి కాలము చెల్లినదని తీర్పుచెప్పు ప్రవక్తలు మనకింత చవకగా దొరకుచుండగా, ఇక జాతకములతో పని యేమి?

అపోహ: పాతికేండ్లతో మెదడు ఎదుగుదల ఆగిపోవును, కొత్తది నేర్వజాలదు.

వాస్తవము: ఈ మాట సగము వినుటవలన పుట్టినది. మెదడును చిత్రించు యంత్రములు వచ్చిన తరువాత బాలురను, యువకులను ఏండ్లతరబడి పరీక్షించిన శాస్త్రజ్ఞులు, ఆలోచనకును నిగ్రహమునకును ఆధారమైన నుదుటి వెనుకటి భాగము ఇరువదుల వయస్సులో సైతము ఇంకను పరిణతి చెందుచునే యుండునని కనుగొనిరి. "ఇంకను పండుచున్నది" అని వారు చెప్పగా, "పండి రాలిపోయినది" అని మనవారు వినిరి. సీతాఫలము కొని యెరిగినవారికి ఈ పొరపాటు రాకూడదు: కళ్ళు విచ్చిన కాయ చెట్టునుండి తెగిన నాడు రాయివలె గట్టిగానే యుండును, బియ్యపు డబ్బాలో రెండు మూడు దినములుంచిన పిదప గదా అది మెత్తబడి తీపెక్కును!

లండనులో టాక్సీ నడుపు లైసెన్సు కావలెనన్న దాదాపు 25,000 వీధులను కంఠస్థము చేయవలెను. అట్లు సిద్ధపడుచున్న 79 మందిని కొన్నేండ్లపాటు అనుసరించి 2011లో ప్రకటించిన పరిశీలనలో, ఉత్తీర్ణులైన 39 మంది మెదడులో దారులను గుర్తుంచుకొను హిప్పోకాంపస్ అను భాగము వెనుకవైపు పెరిగినట్లు తేలినది. తప్పినవారిలో ఆ మార్పు లేదు. వీరు పలకాబలపము పట్టిన పసివారు కారు, పొట్టకూటికై స్టీరింగు పట్టబోవు పెద్దలు. అమెరికాలో 60 మొదలు 90 ఏండ్లవరకు వయస్సుగల 221 మందితో మరియొక ప్రయోగము జరిగినది. వారానికి ఇంచుమించు పదునైదు గంటల చొప్పున మూడు నెలలు బొంత కుట్టుటయో, డిజిటల్ ఛాయాగ్రహణమో కొత్తగా నేర్చినవారి జ్ఞాపకశక్తి మెరుగుపడగా, తమకు అలవాటైన పనులతోను, కాలక్షేపపు కబుర్లతోను గడపినవారికి అంతటి లాభము కలుగలేదు. నష్టమును కలిగించునది వయస్సు కంటె అలవాటే యని మా వీడియో ప్రవక్తలు ఏల చెప్పరో తెలియదు.

ఇంతదూరము పోనేల? మా స్టేషను తరువాతి స్టేషనే ఆర్ట్స్ కాలేజి. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఒక భవనము కావలసివచ్చినప్పుడు, జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అను ఇరువురు అధికారులను లోకములోని విశ్వవిద్యాలయములను చూచిరండని పంపిరి. పదవులలో కుదురుకొన్న పెద్దమనుషులు విద్యార్థులవలె దేశదేశములు తిరిగి, బెల్జియము వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను వెదకి తెచ్చిరి. ఆ తిరుగుట ఫలమే 1939లో ప్రారంభమైన నేటి ఆర్ట్స్ కాలేజి సౌధము. మన వరంగల్లు సీమలో 1921లో జన్మించిన పి. వి. నరసింహారావుగారు అరవై దాటిన పిదప కంప్యూటరు ముందు కూర్చుండి ప్రోగ్రాములు వ్రాయ నేర్చిరి. ఆయనకు ఆ వీడియో ఎవ్వరును పంపకపోవుట మన యదృష్టము.

ఒక్క విషయము మాత్రము, ఇష్టము లేకున్నను, ఒప్పుకొనవలసియున్నది. పెద్దవానికి వేగము తగ్గును. పరభాషను పసినాడు నేర్చినవాని ఉచ్చారణ నడివయస్సున నేర్చినవానికి సాధారణముగా పట్టుబడదు. మా అబ్బాయి టోక్యోలో పుట్టినవానివలె పలుకకపోవచ్చును. అయిననేమి? అతడు కోరినది చదువుటకును, మాటలాడుటకును గాని, వేషము వేయుటకు కాదు గదా.

అపోహ: సిలబసు దాటిన కుతూహలము చదువుకు చేటు.

వాస్తవము: 2014లో కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగమున, ఒక ప్రశ్నకు జవాబు తెలియవలెనని తహతహ పుట్టించి, ఆ నిరీక్షణ నడుమ సంబంధము లేని ముఖమొకటి చూపగా, ఆరాటము మిక్కుటమైనప్పుడు చూచిన ముఖమే బాగుగా గుర్తుండెను. పొయ్యి వెలిగించిన పిదప అన్నముతోపాటు పక్కనున్న నీరును వెచ్చబడినట్లే ఇదియు.

తక్కిన అపోహలకు ఒక్కొక్క మాట చాలును. మెదడులో పదవ వంతే వాడుదుమనుట: పూర్తిగా కల్ల. ఇరువదియొక్క దినములలో అలవాటు కుదురుననుట: కొలిచి చూచినవారికి సగటున 66 దినములు తేలినవి. కొత్త అనుభవమన్న విమానపు టిక్కెట్టేయనుట: టిక్కెట్టు అమ్మువాని మాట.

కావున పరీక్ష నెలలో ఉన్నవారు దానినే చదువుకొనుడు. తక్కిన నెలలలో వారమునకొక పూట మీకు రానిదానికి ఇయ్యుడు. ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కి ఒక్క స్టేషను దూరము పోయి, రోజును చూచుచున్న ఆ రాతిసౌధపు స్తంభములకును కమానులకును ఏ యే దేశముల పోలికలున్నవో తలయెత్తి వెదకుడు. సెప్టెంబరు 26 దేశపు శాస్త్రపరిశోధనా సంస్థయైన సీఎస్‌ఐఆర్ స్థాపనదినము. ఆ రోజులలో హబ్సిగూడలోని దాని జీవశాస్త్ర ప్రయోగశాల సీసీఎంబీవారు సామాన్యులకు తలుపులు తెరచుట కద్దు. పోయి, అడుగుటకు సిగ్గుపడు ప్రశ్న ఒక్కటైనను అడిగి రండు. మొదటి నెల తెలివితక్కువగా కనబడుటకు సిద్ధపడుడు. నేర్చుకొనుటలో అసలు కష్టము అదియే, వయస్సు కాదు.

నిన్న నేను పైవాటాకు పోయి, మంచపుకోటి క్రిందికి ఒక చెక్కముక్క ఇచ్చివచ్చితిని. దరఖాస్తుపై కోటి గుర్తు గుండ్రముగా పడియున్నది గాని అక్షరములు చెదరలేదు. చివరి తేదీకి ఇంకను తొమ్మిది దినములున్నవి.