ఊరు దాటే ఆట... ఒంటికి పరీక్ష!

కాలేజీ వాలీబాల్ జట్టులో చోటు దొరికిందని అమ్మాయి ఆనందంగా చెబుతుంది. ఇంట్లోవాళ్లూ సంబరపడతారు. ఆ తర్వాత వేరే ఊళ్లో పోటీలున్నాయని, నాలుగైదు రోజులు బయట ఉండాలని తెలిసేసరికి రకరకాల భయాలు మొదలవుతాయి. ఎక్కడ పడుకుంటారు? ఏం తింటారు? కాలో చెయ్యో విరిగితే ఎలా? ఈ భయాలతోనే చాలామంది అమ్మాయిలు ఇంటర్‌తోనో డిగ్రీ మొదటి ఏడాదితోనో ఆటకు దూరమవుతుంటారు. నిజానికి ఆట మాన్పించాల్సిన పనిలేదు. సీజన్‌లో, ముఖ్యంగా ప్రయాణాల్లో శరీరానికి ఏం కావాలో తెలుసుకుంటే ఇబ్బందుల్లో చాలావాటిని ముందే ఆపొచ్చు.

అక్కడ సీజన్ ఎలా ఉంటుంది?

కాలేజీ అమ్మాయిల వాలీబాల్‌కు ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద వేదిక అమెరికా. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ స్టేడియంలోనే నెట్ కట్టి మ్యాచ్ ఆడిస్తే 92,003 మంది చూడటానికి వచ్చారు. అక్కడ సీజన్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. నవంబరు చివరి వరకు కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, డిసెంబరులో 64 జట్లతో జాతీయ టోర్నమెంటు జరుగుతాయి. కాన్ఫరెన్స్ అంటే కొన్ని విశ్వవిద్యాలయాల కూటమి. ఆ జట్లు సగం మ్యాచ్‌లు సొంత కోర్టులో ఆడితే, మిగతా సగం ప్రత్యర్థుల ఊరెళ్లి ఆడాలి.

అసలు కష్టం ఈ రెండో సగంలోనే ఉంది. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో 2024 నుంచి 18 జట్లయ్యాయి. తూర్పు తీరంలోని న్యూజెర్సీ జట్టు పడమటి తీరంలోని లాస్ ఏంజెలెస్ వెళ్లి ఆడాల్సి వస్తోంది. రెండు చోట్లకీ మధ్య మూడు గంటల తేడా. అక్కడ రాత్రి 7 గంటలకు మ్యాచ్ మొదలైతే న్యూజెర్సీ అమ్మాయి ఒంటికి అప్పటికే రాత్రి 10. నిద్రకు సిద్ధమయ్యే వేళకు ఎగిరి స్మాష్ కొట్టాలన్నమాట. వారాంతంలో ఒక ఊళ్లో ఒక మ్యాచ్, వెంటనే ఇంకో ఊళ్లో మరో మ్యాచ్, సోమవారానికి మళ్లీ తరగతి గది. అందుకే అక్కడ సీజన్‌లో సాధన, మ్యాచ్‌లు కలిపి వారానికి 20 గంటలు మించకూడదని, వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలని నిబంధన ఉంది. ప్రయాణానికి పట్టే సమయం మాత్రం ఈ లెక్కలోకి రాదు.

మన దగ్గర దూరాలు అంత కాకపోయినా అలసట తక్కువేం కాదు. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఏటా జోన్ల వారీగా అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు పెడుతుంది. తెలుగు రాష్ట్రాల జట్లు దక్షిణ మండలంలో ఆడతాయి. రాత్రంతా రైల్లోనో బస్సులోనో ప్రయాణం, పొద్దున్నే దిగి హాస్టల్ గదిలో సామాను పడేసి మైదానానికి పరుగు, వరుస రోజుల్లో మ్యాచ్‌లు. అమెరికా జట్ల వెంట ఉండే శిక్షణ పొందిన చికిత్సకులు మన కాలేజీ జట్లలో చాలావాటికి ఉండరు. కాబట్టి ఇంట్లోవాళ్లకూ, ఆడే అమ్మాయికీ అవగాహన ఇంకా ఎక్కువగా కావాలి.

ఎగరడం కన్నా దిగడం కష్టం

అమ్మాయిల వాలీబాల్‌లో నెట్ ఎత్తు 2.24 మీటర్లు. స్మాష్‌కో బ్లాక్‌కో ఎగిరినప్పుడల్లా కిందికి దిగాలి. దిగేటప్పుడు ఒంటి బరువుకు కొన్ని రెట్ల భారం చీలమండల మీద, మోకాళ్ల మీద పడుతుంది. అయిదు సెట్ల మ్యాచ్‌లో ఇది పదులసార్లు జరుగుతుంది.

ఈ ఆటలో ఉన్నట్టుండి తగిలే దెబ్బల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది చీలమండ బెణుకు. బ్లాక్ చేసి దిగేటప్పుడు అవతలి అమ్మాయి పాదం మీద కాలు పడి మడత పడుతుంది. ఇక క్రమంగా వచ్చే ఇబ్బంది మోకాలి చిప్ప కింద నొప్పి. దీన్ని జంపర్స్ నీ అంటారు. మొదట్లో ఆడిన తర్వాత మాత్రమే నొప్పి ఉంటుంది. పట్టించుకోకపోతే ఆడుతున్నప్పుడూ, చివరికి మెట్లెక్కినా మొదలవుతుంది. సర్వీసులు, స్మాష్‌లు ఎక్కువగా కొట్టేవాళ్లకు భుజం నొప్పీ మామూలే.

అమ్మాయిల విషయంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు గురించి. ఎగరడం, ఒక్కసారిగా మలుపు తిరగడం ఉండే ఆటల్లో ఇది తెగే ముప్పు అబ్బాయిల కన్నా అమ్మాయిలకు ఎక్కువ. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగడం, తొడ వెనక కండరాలు, పిరుదుల కండరాలు బలహీనంగా ఉండటం ఇందుకు ముఖ్య కారణాలు. తెగితే చాలామందికి ఆపరేషన్ అవసరమవుతుంది. తిరిగి కోర్టులోకి రావడానికి 9 నెలలో, ఏడాదో పట్టొచ్చు. అంటే ఒక సీజన్ మొత్తం పోయినట్టే.

అయితే దీన్ని చాలావరకు నివారించుకోవచ్చు. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ 15-20 నిమిషాలు ప్రత్యేక వ్యాయామాలు చేస్తే ముప్పు బాగా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. గుంజీళ్లు, ఒంటికాలి మీద నిలబడటం, పక్కలకు గెంతడం, పొట్ట-నడుం కండరాలకు ప్లాంక్... వీటికి జిమ్‌తో పనిలేదు. గెంతిన ప్రతిసారీ మోకాళ్లు వంచి, రెండు పాదాల మీద చప్పుడు కాకుండా దిగడం అలవాటు చేసుకోవాలి. ఇంతకుముందు చీలమండ బెణికినవాళ్లు ఆడేటప్పుడు యాంకిల్ బ్రేస్ వేసుకుంటే మళ్లీ బెణికే అవకాశం తగ్గుతుంది.

ఖాళీ పొట్టతో ఎగరలేరు

లావైపోతానన్న భయంతోనో, పొద్దున్నే సాధన ఉందనో సరిగా తినకుండా ఆడే అమ్మాయిలు చాలామంది. ఖర్చయ్యే శక్తికి తగ్గట్టు తినకపోతే శరీరం ముందు పొదుపు మొదలుపెడుతుంది. ఆ పొదుపు దెబ్బ మొదట నెలసరి మీద పడుతుంది, తర్వాత ఎముకల మీద. ఈ స్థితిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరుపెట్టి వివరించింది. తరచూ అలసట, చిరాకు, దెబ్బలు త్వరగా మానకపోవడం, కాలి ఎముకల్లో సన్నటి పగుళ్లు దీని లక్షణాలు. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే ‘ఆటలాడేవాళ్లకు అంతేలే’ అని వదిలేయకుండా గైనకాలజిస్టుకు చూపించాలి.

రెండోది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే కండరాలకు ఆక్సిజన్ చాలినంత అందదు. రెండో సెట్‌కే ఆయాసం వస్తుంది. కోచ్ దాన్ని బద్ధకం అనుకుంటాడు, అమ్మాయి తనకు చేతకాదనుకుంటుంది. సీజన్‌కు రెండు నెలల ముందే రక్తపరీక్ష చేయిస్తే మందులతో సరిదిద్దుకోవడానికి సమయం దొరుకుతుంది. తోటకూర, పప్పులు, నువ్వులు, గుడ్లు, మాంసం తినాలి. కూరలో నిమ్మరసం పిండుకున్నా, భోజనం తర్వాత జామకాయ తిన్నా ఇనుము బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీలను భోజనానికి గంట దూరంలో పెట్టాలి.

ఆడే అమ్మాయికి కిలో బరువుకు రోజూ 1.2 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల అమ్మాయికి కనీసం 66 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే కాబట్టి పప్పు, పాలు, పెరుగు, సెనగలు, చికెన్ వంటివన్నీ కలిస్తే గానీ లెక్క కుదరదు.

ప్రయాణంలో ఏం జరుగుతుంది?

దూర ప్రయాణం మూడు రకాలుగా దెబ్బతీస్తుంది: నిద్ర చాలదు, నీళ్లు చాలవు, కూర్చుని కూర్చుని కండరాలు బిగుసుకుపోతాయి.

కాలేజీ వయసు అమ్మాయికి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గితే బంతి వచ్చే దిశను పసిగట్టడం ఆలస్యమవుతుంది, దెబ్బలు తగిలే అవకాశమూ పెరుగుతుంది. వీలైతే మ్యాచ్‌కు ఒక రోజు ముందే చేరుకోవాలి. రాత్రి ప్రయాణం తప్పనప్పుడు కళ్లకు మాస్కు, మెడకు దిండు పెట్టుకుంటే కొంత మేలు. దిగాక మధ్యాహ్నం అరగంట కునుకు తీయొచ్చు. విమానంలో కాలమండలాలు దాటే జట్లకైతే శరీర గడియారం సర్దుకోవడానికి గంట తేడాకు సుమారు ఒక రోజు పడుతుంది.

నీళ్ల సంగతి మన అమ్మాయిలకు మరీ ముఖ్యం. దారిలో శుభ్రమైన బాత్రూమ్ దొరకదన్న భయంతో చాలామంది ప్రయాణమంతా నీళ్లే తాగరు. మూత్రం ఆపుకొంటారు. ఫలితం... మ్యాచ్‌లో తలనొప్పి, కండరాలు పట్టేయడం, మూత్రనాళ ఇన్ఫెక్షన్. దీనికి బాధ్యత అమ్మాయి ఒక్కదానిదే కాదు. రెండు మూడు గంటలకోసారి మంచి బంకు దగ్గరో హోటల్ దగ్గరో బస్సు ఆపమని కోచ్‌కు, కాలేజీకి తల్లిదండ్రులు ముందే చెప్పాలి. బండి ఆగినప్పుడల్లా దిగి అయిదు నిమిషాలు నడిస్తే కాళ్ల బిగువూ తగ్గుతుంది. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు చాలుతున్నట్టే.

ఇంకో మాట. మ్యాచ్ రోజుకు నెలసరి వస్తుందని, వ్రతాలకూ పెళ్లిళ్లకూ వేసుకున్నట్టే వాయిదా మాత్రలు కొనిచ్చే ఇళ్లున్నాయి. డాక్టర్ సలహా లేకుండా ఇవి వాడకూడదు. రక్తం గడ్డకట్టే సమస్య, మైగ్రేన్ ఉన్నవాళ్లకు ముప్పు తెచ్చిపెట్టొచ్చు. నెలసరిలో ఆడటం వల్ల ఒంటికి నష్టమేమీ లేదు. నొప్పి ఉంటే దానికి మందు ఉంది.

బ్యాగులో ఏముండాలి?

• వేరుశనగ ఉండలు, నువ్వుల చిమ్మిలి, ఖర్జూరాలు, వేయించిన సెనగలు. మొదటి పూటకు పులిహోర.
• అరటిపండ్లు. మ్యాచ్ అయిన అరగంటలోపు రెండు పండ్లు, గ్లాసు పాలు తీసుకుంటే కండరాలు త్వరగా కోలుకుంటాయి.
• రెండు నీళ్ల సీసాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు.
• క్రేప్ బ్యాండేజీ, యాంకిల్ బ్రేస్, మోకాలి ప్యాడ్లు.
• అవసరానికి మించి నాలుగు శానిటరీ ప్యాడ్లు, ముదురు రంగు అదనపు షార్ట్స్.
• రోజూ వాడే మందులు, వాటి చీటీ. బ్లడ్ గ్రూపు, ఇంటి ఫోన్ నంబర్లు రాసిన కార్డు.

కొత్త ఊళ్లో, మ్యాచ్ ముందు రోజు బయటి బిర్యానీల ప్రయోగాలు వద్దు. ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం లాంటి అలవాటైన తిండే మంచిది. మ్యాచ్‌కు మూడు గంటల ముందు భోజనం ముగించాలి.

ఎప్పుడు ఆట ఆపాలి?

కాలు బెణికితే ఆట ఆపి, ఐస్‌ను గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. నూనెతో గట్టిగా మర్దన చేయడం, విరిచి సరిచేయడం వద్దు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తప్పనిసరి. దిగేటప్పుడు మోకాల్లో ‘టప్’మని శబ్దం వచ్చి, కొద్ది గంటల్లోనే వాచితే ఏసీఎల్ తెగి ఉండొచ్చు. తలకు బంతి బలంగా తగిలి వాంతి, మగత, అయోమయం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ రోజు మళ్లీ ఆడించకూడదు.

ఇదంతా జరగాలంటే ముందు అమ్మాయి నోరు తెరిచి చెప్పగలగాలి. నొప్పి అంటే జట్టులోంచి తీసేస్తారని, ఇంట్లో చెబితే ఆటే మాన్పిస్తారని దాచేవాళ్లే ఎక్కువ. 2024 సీజన్‌లో పెన్ స్టేట్ మహిళల జట్టు కోచ్ కేటీ షూమాకర్-కాలీ తనకు రొమ్ము క్యాన్సర్ అని అందరికీ చెప్పి, కీమోథెరపీ తీసుకుంటూనే జట్టును నడిపించారు. ఆ డిసెంబరులో జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. ఆ టైటిల్ అందుకున్న తొలి మహిళా హెడ్ కోచ్ ఆవిడే. జబ్బును దాచకుండా చెప్పి, చికిత్సను ఆటతో పాటు నడిపించడం అందులో అమ్మాయిలు నేర్చుకోవాల్సిన విషయం.

అందుకే పోటీలకు వెళ్లిన అమ్మాయి రాత్రి ఫోన్ చేసినప్పుడు ‘గెలిచారా?’ అనే ముందు ‘తిన్నావా? నిద్ర పట్టిందా? ఎక్కడైనా నొప్పిగా ఉందా?’ అని అడగండి. ఉందని చెబితే కంగారు పడకండి, తిట్టకండి. ఇంటికి రాగానే డాక్టరుకు చూపించండి. తగ్గాక మళ్లీ కోర్టుకు పంపించండి.