4.3 నగరంలో పెద్ద చెట్టు తొలగింపు: ముంబయి అనుభవం

రోడ్డు పక్క మర్రి, ఇంటి ఆవరణలోని మామిడి, కార్యాలయం ముందున్న వేప అటవీ భూమిలో లేవు. మరి వాటికి రక్షణ ఏది? స్థలం మనదైనంత మాత్రాన చెట్టును కొట్టేయవచ్చా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో చేసిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం సాధారణంగా అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. వాడుకలో దీన్నే ‘వాల్టా’ అంటున్నాం. అయితే ‘అనుమతి’ అనే ఒక్క మాట వెనుక ఎన్ని అంచెలుంటాయో తెలుసుకోవడానికి మహారాష్ట్ర పట్టణ ప్రాంతాల కోసం 1975లో చేసిన వృక్ష రక్షణ చట్టం ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఈ చట్టం కింద నగరపాలక సంస్థలో వృక్ష ప్రాధికార సంస్థ ఏర్పడుతుంది. దానికి మునిసిపల్ కమిషనర్ అధ్యక్షుడు. దరఖాస్తు రాగానే వృక్షాధికారి స్వయంగా వెళ్లి చెట్టును పరిశీలించి నివేదిక ఇవ్వాలి. స్థానిక పత్రికల్లో ప్రకటన వేయించాలి, చెట్టుకు కూడా నోటీసు అంటించాలి. చెట్టుకు నోటీసేమిటని నవ్వుకోనక్కర లేదు. ఆ నీడన బండి పెట్టుకున్న వ్యక్తి పత్రిక చదవకపోవచ్చు, నోటీసు మాత్రం అతని కళ్లెదుటే ఉంటుంది.

చెట్టు ఎండిపోయినా, తెగులు సోకినా, ప్రాణానికీ ఆస్తికీ ప్రమాదకరంగా మారినా, రాకపోకలకు అడ్డమైనా అనుమతి నిరాకరించకూడదు. ఇందులో మొదటి మూడు కారణాలను పరీక్షించి తేల్చవచ్చు. చివరిది అలా కాదు. రోడ్డు వెడల్పు చేయాలనుకున్న ప్రతిచోటా చెట్టు ‘అడ్డమే’ అవుతుంది.

అనుమతి ఇచ్చిన తరువాత కూడా పదిహేను రోజుల వరకు చెట్టును కొట్టరాదు. పొరపాటున గోడ కూలిస్తే తిరిగి కట్టించవచ్చు, నరికిన చెట్టును ఏ తీర్పూ నిలబెట్టలేదు. అభ్యంతరం చెప్పేవారికి చట్టం ఇచ్చిన గడువు ఇదే. ఈ గడువు ఎప్పటి నుంచి లెక్కకు వస్తుందన్న ప్రశ్న 2019లో ఆరే కాలనీలో తలెత్తింది.

మెట్రో మూడో మార్గం కార్ షెడ్ కోసం అక్కడ 2,185 చెట్లను కొట్టడానికి, 461 చెట్లను వేరే చోట నాటడానికి ఆగస్టు 29న ప్రాధికార సంస్థ ఆమోదం తెలిపింది. అనుమతి పత్రం సెప్టెంబరు 13 తేదీతో ఉంది. అక్టోబరు 4న బొంబాయి హైకోర్టు పిటిషన్లను కొట్టివేసింది. ఆ రాత్రే నరకడం మొదలైంది. పత్రం వెబ్‌సైట్‌లో కనిపించింది కూడా ఆ రోజేనని, పదిహేను రోజులు అప్పటి నుంచే లెక్కించాలని ఉద్యమకారులు వాదించారు. పత్రం తేదీ నుంచి గడువు సెప్టెంబరు 28నే ముగిసిందని మెట్రో సంస్థ బదులిచ్చింది. చట్టంలోని అక్షరాన్ని బట్టి చూస్తే మెట్రో వాదనకు బలముంది. కాని ప్రజలకు తెలియని అనుమతిపై ప్రజలు అభ్యంతరం ఎలా చెబుతారు? అక్టోబరు 7న సుప్రీంకోర్టు ఇకపై చెట్లు కొట్టవద్దని ఆదేశించింది. కావలసినవి అప్పటికే కొట్టేశామని ప్రభుత్వం తెలిపింది.

2021 సవరణ వేరే దారి పట్టింది. యాభై ఏళ్లు, అంతకు పైబడిన చెట్టును వారసత్వ వృక్షంగా గుర్తించింది. కొట్టిన చెట్టు వయసు ఎంతో అన్ని మొక్కలు నాటాలని, వాటిని ఏడేళ్లు సాకాలని నిర్దేశించింది. అరవై ఏళ్ల చింతకు అరవై మొక్కలన్నమాట. ఒకటికి ఒకటి అన్న పాత లెక్క కంటే ఇది మేలే. అయినా చింత పోయిన వీధికి నీడ తిరిగి రావాలంటే మొక్కలు ఆ వీధిలోనే నాటాలి. నగరంలో అంత ఖాళీ జాగా దొరకడం కష్టం.

ఆరే వివాదం అంతటితో ఆగలేదు. 2022 నవంబరులో 84 చెట్ల కోసం దరఖాస్తు చేసుకోవడానికి సుప్రీంకోర్టు మెట్రో సంస్థను అనుమతించింది. సంస్థ అంతకు మించి కోరడంతో 2023 ఏప్రిల్‌లో పది లక్షల రూపాయలు చెల్లించమంది. అదే ఉత్తర్వులో 177 చెట్ల తొలగింపునకు అనుమతి కూడా ఇచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
పదిహేను రోజుల గడువును అనుమతి పత్రం తేదీ నుంచి లెక్కించాలా, అది బహిరంగమైన రోజు నుంచి లెక్కించాలా? మీ సమాధానాన్ని కారణాలతో పది వాక్యాల్లో రాయండి.