వైమానికుల విందులు – వారాంతపు విహారములు

విమానము నడుపుట నేర్చి అనుమతిపత్రము పొందినవారందరును దానినే జీవనోపాధిగా గైకొనరు. అమెరికాలో వైద్యులు, వర్తకులు, ఉపాధ్యాయులు, రైతులు ఎందరో వినోదార్థము చిన్న విమానములను నడుపుదురు. మన దేశమునను ఈ ముచ్చట క్రొత్తది కాదు. 1929 ఫిబ్రవరి 10వ తేదీన భారతదేశమున ఒకటవ నంబరు అనుమతిపత్రము నందుకొనిన జె. ఆర్. డి. టాటా బొంబాయి ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షణ పొందినవారే.

ఇట్టి క్లబ్బులలో రెండు వాడుకలు కలవు. అప్పుడప్పుడు సభ్యులు కుటుంబములతో కూడి భుజించుట ఒకటి. శని, ఆదివారములలో కొన్ని విమానములపై మరొక ఊరికి పోయి వచ్చుట రెండవది. ఇవి వట్టి కాలక్షేపములని తోచవచ్చును. కాని వీనిలో ప్రాణరక్షణకు పనికివచ్చు విద్య ఇమిడియున్నది.

ఉద్యోగరీత్యా నడుపువారి లోపములను వారి సంస్థ కనిపెట్టి దిద్దుచుండును. వినోదార్థము నడుపువాడు ఏకాకి. అమెరికాలో రెండేండ్ల కొకమారు శిక్షకుని యెదుట తన నేర్పు చూపవలెను. తక్కిన దినములలో అతనికి చెప్పువారు లేరు. ఆ లోటును విందుబల్ల కొంత తీర్చును. ఏ విమానాశ్రయమున ప్రక్కగాలి చిక్కు పెట్టినది, ఏ కొండచరియకడ మబ్బు క్రిందికి దిగినది, తాను ఎచ్చట పొరబడి ఎట్లు బయటపడినది అనుభవజ్ఞులు దాపరికము లేక చెప్పుదురు. క్రొత్తవాడు అన్నము తినుచునే ఆ అనుభవము నార్జించును.

ఇట్టి కలయికలనుండియే పెద్ద సంస్థలును పుట్టినవి. 1929 నవంబరు 2వ తేదీన న్యూయార్కు సమీపమున కర్టిస్ ఫీల్డు అను విమానాశ్రయమున 26 మంది మహిళా వైమానికులు సమావేశమైరి. పనిముట్ల బండిపైనుండి తేనీరు అందించిరట! వ్యవస్థాపక సభ్యుల సంఖ్యనుబట్టి ఆ సంఘమునకు ‘నైంటీ నైన్స్’ అను పేరు వచ్చినది.

ఇక విహారముల సంగతి. 1955లో తొలిసారి ఎగిరిన సెస్నా 172 ఇందుకు మిక్కిలి వాడుకలో నున్న విమానము. నాలుగు ఆసనములు, గంటకు సుమారు 220 కిలోమీటర్ల వేగము. హైదరాబాదునుండి విజయవాడకు ఆకాశమార్గమున గంటకు కొంచెము మించి పట్టునన్నమాట. అయితే నలుగురు పెద్దలు కూర్చుండినచో ట్యాంకులనిండ పెట్రోలు పోయుటకు సాధారణముగా వీలుండదు. బరువు మితి మీరును. కనుక ఎవరు ఏ విమానములో ఎక్కవలెనో, పెట్రోలు ఎచ్చట పోయించుకొనవలెనో ముందే లెక్క కట్టుదురు. ఖర్చు సభ్యులు పంచుకొందురు. దూరపు ఊరిలో తిను సామాన్యమైన ఫలహారమునకు అమెరికను వైమానికులు పరిహాసముగా ‘నూరు డాలర్ల హాంబర్గరు’ అని పేరిడిరి.

విందులో మద్యము పుచ్చుకొనినవాడు ఎనిమిది గంటలు గడువక విమానము నడుపరాదని అక్కడి నిబంధన. మన దేశమున ఆ గడువు పండ్రెండు గంటలు.

అన్నిటికంటె పెద్ద అపాయము మొగమాటము. మిత్రులు అవతల చేరి భోజనమునకు ఎదురుచూచుచుండగా, ఎదుట మబ్బు కనబడినను ముందుకే పోవలెనని మనసు లాగును. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు, పరికరములను మాత్రమే చూచి నడుపు శిక్షణ లేని 20 మందిని, బయటి దృశ్యము కనబడకుండ చేసి పరీక్షించిరి. ఇరువదిమందియు విమానముపై అదుపు కోల్పోయిరి. అందుకు పట్టిన కాలము సగటున 178 సెకండ్లు. మూడు నిమిషములైనను కాదు! మబ్బులో చెవిలోని తూనిక మనిషిని మోసగించును. విమానము ఒరిగిపోవుచున్నను తిన్నగా పోవుచున్నట్లే తోచును.

అందుచేత మంచి క్లబ్బులలో బయలుదేరుటకు ముందే ఒక మాట అనుకొందురు: ప్రతి విమానమునకును దాని చోదకుడే అధికారి, ఎవరైనను వెనుదిరుగవచ్చును, ఎవరును కారణ మడుగరాదు. త్రోవలోనుండి మరలి వచ్చినవానిని పిరికివాడని పరిహసించు క్లబ్బు ఎన్నడో ఒకనాడు ఒక సభ్యుని పోగొట్టుకొనును. మరలి వచ్చినవానికి తరువాతి విందులో మర్యాదగా చోటిచ్చి, నాటి మబ్బు ఎట్లుండెనో చెప్పుమని అడుగు క్లబ్బులో క్రొత్తవారికి వివేకము అలవడును.