తేనెటీగ నేర్పే ఐక్యత

దెబోరా అంటే హెబ్రీ భాషలో తేనెటీగ. ఇశ్రాయేలీయులకు న్యాయాధిపతిగా ఉండి, కష్టకాలంలో వారిని ఒక్కటి చేసిన ఆ స్త్రీకి ఆ పేరు ఎంతగా తగిందో తెలియాలంటే మన కొండల్లోని తేనెపట్టును గమనించాలి.

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండలు ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోవి. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. అక్కడి గిరిజన సోదరులు అడవిలో తేనె తీస్తారు. అయితే ఆ పట్టు మీద కన్నేసేది మనుషులే కాదు. ఎలుగుబంటి వస్తుంది, తేనెడేగ వస్తుంది, ఈగల్నే ఎత్తుకుపోయే పెద్ద కందిరీగ వస్తుంది.

ఎత్తయిన కొమ్మలకు, బండలకు వేలాడే కొండతేనె పట్టుకు గోడా తలుపూ ఉండవు. ఈగలే పొరలు పొరలుగా పరచుకొని దానికి గోడ అవుతాయి. కందిరీగ దగ్గరికి రాగానే ఒక ఈగ పొట్ట పైకెత్తుతుంది. దాన్ని చూసి పక్కది, ఆ పక్కది. క్షణంలో పట్టంతా అలలా కదులుతుంది. కందిరీగ బెదిరి తప్పుకొంటుంది.

చెట్టుతొర్రల్లో, పుట్టల్లో ఉండే చిన్న తేనెటీగల పద్ధతి వేరు. కందిరీగ ఒళ్లు గట్టిది, కుట్టి చంపడం కష్టం. అందుకని వందలాది ఈగలు దాన్ని ముద్దలా కమ్ముకొని, రెక్కల కండరాలను అదిలించి వేడి పుట్టిస్తాయి. లోపలి వేడి 45 డిగ్రీలు దాటుతుంది. దానికి తాళలేక కందిరీగ చచ్చిపోతుంది. ఇదే జాతికి చెందిన తమ దేశపు తేనెటీగల మీద జపాన్ శాస్త్రవేత్తలు పరిశోధించి 1995లో ఈ సంగతి వివరించారు. అలా ముద్దలో చేరిన ఈగల ఆయుష్షు తగ్గిపోతుందని 2018లో మరో పరిశోధన తేల్చింది.

ఒక్క ఈగ పుట్టించే వేడి ఎంత? ఒంటరిగా ఎదురుపడితే అది కందిరీగకు ఆహారమే. దెబోరా కాలంలోనూ అంతే. సీసెరాకు 900 ఇనుప రథాలున్నాయి. ఆమె పిలుపు విని నఫ్తాలి, జెబూలూను గోత్రాల నుంచి 10,000 మంది బారాకు వెంట నడిచారు. దేవుడు విజయమిచ్చాడు. కానీ న్యాయాధిపతులు 5వ అధ్యాయంలోని పాటలో రానివారి పేర్లూ ఉన్నాయి. రూబేనీయులు ఆలోచనలతో మందల దగ్గరే ఉండిపోయారు. దానీయులు ఓడలను, ఆషేరీయులు సముద్రతీరాన్ని వదల్లేదు. అందరికీ ఏదో ఒక పని ఉంది!

మన సంఘాల్లో మనం ఏ గోత్రం వాళ్లం? ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు తిరిగే సహోదరుడికి తోడు వెళ్లేవారెవరు? పిల్లలు వలసపోతే ఇంట్లో మిగిలిన వృద్ధురాలిని పలకరించేదెవరు? ‘ప్రార్థన చేస్తాం’ అని చెప్పి మన పనుల్లోకి వెళ్లిపోవడం సులువు. ఆమె గుమ్మంలో పది నిమిషాలు కూర్చోవడానికే మనకు తీరిక దొరకదు.

మరో హెచ్చరిక కూడా ఉంది. కందిరీగను చంపే వేడికీ, ఈగలను చంపే వేడికీ తేడా కొద్ది డిగ్రీలే. సంఘాన్ని కాపాడాలన్న రోషం మంచిదే. అది హద్దు దాటితే సంఘాన్నే కాల్చేస్తుంది. పదవుల కోసం, ఆస్తుల కోసం రెండుగా చీలిన సంఘాలు మనకు తెలియనివి కావు. లోపల ఈగలే కొట్టుకుంటే కందిరీగకు పనేముంది?

తేనెటీగ తనవారి కోసం ప్రాణమిస్తుంది, శత్రువును చంపుతుంది. మన ప్రభువు అలా చేయలేదు. మనం ఇంకా శత్రువులుగా ఉండగానే మన కోసం ప్రాణం పెట్టాడని పౌలు రోమీయులకు రాశాడు. కాబట్టి మనం కలిసికట్టుగా ఎదిరించాల్సింది మనిషిని కాదు, అతణ్ని పీడిస్తున్న తాగుడును, అప్పును, జబ్బును, ఒంటరితనాన్ని. అందుకు మన సమయం, సొమ్ము, సుఖం కొంత ఖర్చవుతాయి. ఆ ఖర్చుకు వెనుదీయని హృదయాన్ని దేవుడు మనకు అనుగ్రహించునుగాక!