మిర్చి బేరానికి ముందు మబ్బు లెక్క
ఉపగ్రహ చిత్రాలు వ్యాపారి అందుబాటులోనే

గుంటూరు మిర్చి యార్డులో మబ్బు పట్టిందన్న కబురుకే బేరం కదులుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సరుకు కల్లాలలో ఆరుతూ ఉంటుంది. అప్పుడు గట్టి జల్లు పడితే కాయ రంగు దిగి, తాలు పెరుగుతుంది. అందుచేత ఖమ్మంలోనో బ్యాడిగిలోనో వాన అని ఫోను రాగానే నిల్వదారులు సరుకు బిగబట్టడం, కొనుగోలుదారులు తొందరపడటం మామూలే. ఆ కబురులో నిజమెంతో వ్యాపారి స్వయంగా చూసుకొనే వీలు నేడు ఉన్నది.

శ్రీహరికోట నుంచి 2016లో ఇన్శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్శాట్-3డీఎస్ ప్రయోగించబడ్డాయి. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇవి తీసే చిత్రాలను భారత వాతావరణ శాఖ, అహ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తన కేంద్రం వారి ‘మోస్డాక్’ ఇంటర్నెట్‌లో ఉంచుతున్నాయి. చిత్రాలు చూడటానికి రుసుము లేదు. మూల దత్తాంశం కావలసినవారు మోస్డాక్‌లో పేరు నమోదు చేసుకోవాలి. బేరానికి చిత్రాలే చాలును.

మొదట చూడవలసినది గడియారం. చిత్రంపై ఉండేది అంతర్జాతీయ కాలం. దానికి అయిదున్నర గంటలు కలపాలి. 0900 అని ఉంటే మనకు మధ్యాహ్నం రెండున్నర. పాత చిత్రం చూసి కొనడం నిన్నటి ధరకు బేరమాడటం వంటిదే.

రెండవది చిత్రం రకం. మామూలు వెలుతురు చిత్రం పగలే పనికివస్తుంది. పరారుణ చిత్రం రాత్రింబగళ్లు ఉంటుంది. ఇందులో మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత తెల్లగా కనిపిస్తుంది. కొత్తవారు పొరబడేది ఇక్కడే. చాలా ఎత్తున ఉండే పలుచని మబ్బు కూడ తెల్లగానే ఉంటుంది గాని చుక్క రాల్చదు. పగటిపూట రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటిలోనూ దట్టంగా తెల్లగా ఉంటేనే అనుమానించాలి.

మూడవది కదలిక. వేసవి ఉరుముల మబ్బు నెత్తి పైగాలికి దూరదూరాలకు పరచుకుంటుంది. వాన మాత్రం దాని కింద కొద్ది మేరకే పరిమితం. ఒక్క చిత్రంతో సరిపెట్టక, అరగంట ఎడంతో నాలుగైదు వరుసగా చూస్తే మబ్బు పెరుగుతున్నదీ, కరుగుతున్నదీ తెలుస్తుంది. తర్వాత మచిలీపట్నం రాడారు చిత్రంతో సరిచూసుకుంటే కోస్తాలో వాన జాడ మరింత స్పష్టమవుతుంది.

వాన ఎక్కడన్నదే కాక, పంట ఏ దశలో ఉన్నదన్నదీ ముఖ్యం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు కోతకు వచ్చిన వరికి పెద్ద దెబ్బ తగిలింది. మిర్చి అప్పటికి ఇంకా చేలల్లోనే ఉన్నది. అదే వాన మార్చిలో కురిస్తే దెబ్బ కల్లాలపై పడుతుంది. అప్పుడు తడి సరుకు తొందరగా యార్డుకు దిగి మెత్తబడితే, శీతల గిడ్డంగులలోని పొడి సరుకు గట్టిపడటానికి అవకాశం ఉంటుంది. వాన అనగానే అన్ని రకాలూ పెరుగుతాయనుకోవడం సరికాదు.

కల్లంపై పట్టా కప్పారా లేదా అన్నది ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. మబ్బును చిత్రంలో చూసి, తడిని ఊరి కమీషన్‌దారును అడిగి, ఆ తర్వాతనే ధర చెప్పడం మేలు.